ఉర్దూ రాని ముసల్మాను

తెలుగు ఇంటిభాషగా గల ముసల్మానుకు జీవితంలో రెండు ప్రశ్నలు తప్పవు. మొదటిది ముస్లిమేతరులు అడిగేది: "మీరు ముస్లిములా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!" రెండవది తోటి ముసల్మానులు అడిగేది: "ఉర్దూ రాదా? మరి నువ్వేం ముసల్మానువి?" మొదటిదాంట్లో మెప్పు ఉంది, రెండవదాంట్లో మందలింపు ఉంది. కాని కాస్త లోతుకు వెళ్ళి చూస్తే రెండింటి వెనుక ఉన్న భావన ఒక్కటే. ముసల్మాను అంటే ఒక భాష, ఒక వేషం, ఒక వంశం అన్నదే ఆ భావన. మా ఇంట్లో మూడు తరాలుగా ఉర్దూ లేదు. కనుక ఈ రెండు ప్రశ్నలనూ చిన్ననాటి నుంచీ వింటూనే ఉన్నాను. విని విని, అసలు ఆ మాటకు అర్థమేమిటో, ఆ అర్థాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదో కుదురుగా ఆలోచించాలనిపించి ఇది వ్రాస్తున్నాను.

'ముస్లిం' అన్నది అరబ్బీ మాట. మనం పలకరింపుగా చెప్పుకొనే 'సలాం'కూ దీనికీ ధాతువు ఒక్కటే. తనను తాను దైవానికి అప్పగించుకొన్నవాడు అని దాని అర్థం. గమనించండి, ఆ అర్థంలో మనిషి చేసే పని ఉంది గాని పుట్టుక ప్రసక్తి లేదు. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని మనసారా నమ్మి సాక్ష్యం పలికినవాడు ముసల్మాను. ఆ సాక్ష్యం పలికే ముందు తాతముత్తాతలు ఎవరని గాని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని గాని అడిగే నియమం ఎక్కడా లేదు. నమాజులో పఠించేది అరబ్బీయే గాని ఉర్దూ కాదు. ఉర్దూ కూడా తెలుగులాగే ఈ దేశపు గడ్డ మీద పుట్టి పెరిగిన భాష. అందమైన భాష, గొప్ప సాహిత్యం గల భాష. కాని అది మతం కాదు.

తొలి ముఅజ్జిన్‌గా అజాన్ పిలుపునిచ్చిన బిలాల్ అబిసీనియా సంతతివాడు, బానిసగా బ్రతికినవాడు. ప్రవక్తకు ఆత్మీయుడైన సల్మాన్ పారశీకుడు. క్రీ.శ. 632లో ప్రవక్త తన చివరి హజ్‌యాత్రలో చేసిన ప్రసంగంలో అరబ్బుకు అరబ్బేతరుడి మీద గాని, తెల్లవాడికి నల్లవాడి మీద గాని ఆధిక్యం లేదని, దైవభీతి ఒక్కటే గొప్పదనానికి కొలబద్ద అని చెప్పినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఇంత స్పష్టంగా చెప్పినదాన్ని మరచిపోతే ఏమవుతుందో మన పొరుగునే చూశాం. 1948లో జిన్నా ఢాకాకు వచ్చి పాకిస్తాన్‌కు రాజభాష ఉర్దూ ఒక్కటేనని ప్రకటించాడు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం వీధిలోకి వచ్చిన విద్యార్థులు పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. మతం ఒక్కటైనా భాష వేరన్న సత్యాన్ని ఒప్పుకోలేని ఆ దేశం 1971లో రెండు ముక్కలైంది.

మరి విశ్వాసం మాటేమిటి? దీనికి సంబంధించి 'జిబ్రీల్ హదీసు' అని ప్రసిద్ధమైనది ఒకటుంది. తెల్లని దుస్తుల్లో వచ్చిన ఒక అపరిచితుడు ప్రవక్త ఎదుట కూర్చొని మూడు సంగతులు అడుగుతాడు. ఇస్లాం అంటే ఏమిటని అడిగితే షహాదా, నమాజు, జకాతు, ఉపవాసం, హజ్ అన్న ఐదు ఆచరణలు సమాధానంగా వస్తాయి. ఈమాన్ అంటే ఏమిటని అడిగితే దైవం, దైవదూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, అంతిమదినం, విధి అన్న ఆరింటి మీద నమ్మకం అని వస్తుంది. ఇహ్‌సాన్ అంటే ఏమిటని అడిగితే, దైవాన్ని కళ్ళారా చూస్తున్నట్లు ఆరాధించడం, నీకు ఆయన కనబడకపోయినా నువ్వు ఆయనకు కనబడుతున్నావన్న ఎరుక కలిగి ఉండడం అని వస్తుంది. ఈ మూడింటిలో మొదటిది బయటికి కనిపిస్తుంది. మిగిలిన రెండూ గుండె లోపలివి. వాటిని చూడగలిగే కన్ను మరొక మనిషికి లేదు.

ఖురానులో 49వ సూరా అయిన హుజురాత్‌ను నేను పదేపదే చదువుతుంటాను. 18 ఆయతుల చిన్న సూరా అది. ఎడారి అరబ్బులు కొందరు తాము విశ్వసించామని చెప్పుకొంటే, లొంగిపోయామని మాత్రం చెప్పుకోండి, విశ్వాసం మీ హృదయాల్లోకి ఇంకా ప్రవేశించలేదని వారికి జవాబు వస్తుంది ఇందులో. అంటే ముసల్మానునని చెప్పుకోవడానికీ, విశ్వాసి కావడానికీ మధ్య దూరం ఉన్నదని గ్రంథమే చెబుతున్నది. ఆ దూరం ఎవరు ఎంత నడిచారో దైవానికే తెలుసు. అదే సూరాలో ఒక జనం మరొక జనాన్ని ఎగతాళి చేయరాదని, పేర్లు పెట్టి కించపరచరాదని ఆజ్ఞ ఉంది. తెగలుగా, జాతులుగా మనుషులను పుట్టించింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనన్న మాట కూడా అక్కడే ఉంది.

ఇప్పుడు మన తెలుగునేలకు వద్దాం. విల్లు మీటి దూది ఏకడం వృత్తిగా బ్రతికిన ముస్లిములను దూదేకులవారు అంటాం. పింజారీలు, లద్దాఫులు, నూర్‌బాషాలు అన్న పేర్లూ వారివే. తెలుగే వీరి భాష. చాలామందికి తెలుగు ఇంటిపేర్లు ఉంటాయి. మస్తానమ్మ, దస్తగిరమ్మ, నాగూరమ్మ అని పేర్లు పెట్టుకొంటారు. ఇటు ఉర్దూ ముసల్మానులు వీరిని సగం ముసల్మానులుగా చూశారు. అటు తెలుగు సమాజం 'పింజారి' అన్న వృత్తినామాన్ని ఏకంగా తిట్టుగానే మార్చేసింది. చదువుకొన్నవారి నోట కూడా ఆ తిట్టు అలవోకగా దొర్లుతుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టి, బుర్రకథను ఊరూరా మోగించిన షేక్ నాజర్ (1920-1997) ఆత్మకథ పేరు 'పింజారి'. లోకం విసిరిన మాటను ఏరుకొని నెత్తిన కిరీటంలా పెట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలి! హుజురాత్ సూరాను కంఠస్థం చేసిన పెద్దమనిషి ఒకడు దూదేకులవారింటికి పిల్లనిచ్చేది లేదన్నప్పుడు, ఆ సూరా అతడి గొంతు దగ్గరే ఆగిపోయిందని నేననుకొంటాను.

శీలం సంగతి ఇక్కడే మొదలవుతుంది. నమాజు చేస్తూనే అనాథను గెంటివేసేవారిని, పొరుగువారికి చిన్నపాటి వస్తువు కూడా ఎరువు ఇవ్వనివారిని మాఊన్ అన్న చిన్న సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. తూనికల్లో మోసం చేసేవారి మీద ఏకంగా ఒక సూరా ఆరంభమవుతుంది. దైవానికి బాకీ పడినది దైవం క్షమించవచ్చును గాని, మనిషికి బాకీ పడినది ఆ మనిషే క్షమించాలని ధర్మవేత్తలు చెబుతారు. దీనిని 'హుఖూఖుల్ ఇబాద్', అంటే దాసుల హక్కులు, అంటారు. ఈ కొలతతో మనం మన పెళ్ళిళ్ళను కొలుచుకొందాం. వరుడు వధువుకు మహర్ ఇవ్వాలన్నది శాసనం. మనం చేస్తున్నదేమిటి? నిఖానామాలో ఒక అంకె వ్రాసి, అది ఎన్నటికీ ఇవ్వకుండానే కాలం గడిపేస్తాం. హైదరాబాదు వైపు 'జోడే కీ రఖం' అనీ, మా వైపు కట్నమనీ, లాంఛనాలనీ వధువు తండ్రి నుంచి మాత్రం రొక్కం లెక్కపెట్టి పుచ్చుకొంటాం. కూతురికి ఆస్తిలో వాటా ఉన్నదని ఖురాను నిర్దేశించింది. అది కొడుకు వాటాలో సగమే కదా అని బయటివారు వాదిస్తారు, మనం సమర్థించుకొంటాం. ఆ సగమైనా ఎన్ని ఇళ్ళలో కూతురి చేతికి అందుతున్నదో గుండెల మీద చేయి వేసుకొని చెప్పగలమా?

ఇక సమాజం. ఇస్లాం ధర్మశాస్త్రంలో 'ఫర్జె కిఫాయా' అన్న భావన నాకు ఎంతో ఇష్టం. ఊళ్ళో ఒక ముసల్మాను చనిపోతే జనాజా నమాజు చేయడం ఊరందరి మీదా విధి. కొందరు పూనుకొని చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవ్వరూ చేయకపోతే అందరూ దోషులే. సమాజం అన్న మాటకు ఇంతకు మించిన నిర్వచనం నేనెరుగను. జకాతు కూడా అటువంటిదే. నిర్ణీత పరిమితికి మించిన సొమ్ము, బంగారం, సరుకు ఏడాది నిలిస్తే అందులో నలభయ్యో వంతు తీసి ఇవ్వాలి. ఎవరికి ఇవ్వాలో ఖురాను ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. పేదవాడు, అప్పుల్లో మునిగినవాడు, దారిలో చిక్కుకొన్న బాటసారి వారిలో ఉన్నారు. అది దానం కాదు, వారి హక్కు.

ఇంత గొప్ప ఏర్పాటు గల మన సమాజం ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే 2007లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టాన్ని చూడాలి. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ 14 వర్గాలను అది జాబితాలో చేర్చింది. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, ఖురేషీలు, ఇలా సాగుతుందా జాబితా. సయ్యదులు, పఠానులు, మొఘలులు అందులో లేరు. దూదేకులవారు అంతకు ముందునుంచే బి.సి.-బి వర్గంలో ఉన్నారు. ఆ జాబితా రాజకీయాల సంగతి ఎలా ఉన్నా, అది మన ముఖానికి పట్టిన అద్దం. మసీదులో భుజం భుజం కలిపి నిలబడిన వరుస, మసీదు మెట్లు దిగగానే ఎన్ని ముక్కలవుతున్నదో ఆ అద్దంలో కనబడుతుంది.

తోటి ముసల్మానులకు ఇంత చెప్పాను గనుక తక్కిన మిత్రులకూ ఒక మాట చెప్పాలి. పీర్ల పండుగలో కలిసేవాడు, ఖవ్వాలీ పాడేవాడు, నమాజు ఊసెత్తనివాడు మంచి ముసల్మాను అనీ, గడ్డం పెంచి ఐదు పూటలా నమాజు చేసేవాడు అనుమానించదగినవాడనీ ఒక లెక్క మనలో పాతుకుపోయింది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు ముందు హిందువులూ ముసల్మానులూ కలిసి మొక్కడం నాకూ ముచ్చటే. ఆ ఆరాధన ఇస్లాంకు సమ్మతమా కాదా అన్నది ధర్మవేత్తల చర్చ. కాని అక్కడికి వెళ్ళనివాడు పరాయివాడు ఎందుకవుతాడు? ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924-1999) శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదస్వరం వాయించారు. ఆయనను కొనియాడుదాం. అయితే నాదస్వరం వాయించని ముసల్మానుకు కూడా మన వీధిలో ఇల్లు అద్దెకు దొరకాలి గదా! మంచితనానికి మతాన్ని తగ్గించుకోవడం షరతు కారాదు.

నాకు అర్థమైనంతలో చెప్పవలసినది ఇంతే. విశ్వాసం దైవానికీ మనిషికీ మధ్య సంగతి. దానిని తూచే తక్కెడ మౌల్వీ చేతిలోనూ లేదు, పొరుగువాడి చేతిలోనూ లేదు. మనకు కనబడేది నడవడి ఒక్కటే. ఆ నడవడికి పరీక్ష సమాజంలోనే జరుగుతుంది. కనుక ఇకమీద ఎవరినైనా ముసల్మానా అని ఆరా తీయాలనిపిస్తే అతడి భాషను, టోపీని, ఇంటిపేరును విడిచిపెడదాం. చెల్లెలి వాటా చెల్లెలికి ఇచ్చాడా, అన్న మాట నిలబెట్టుకొన్నాడా, అతడి నోటి నుంచీ చేతి నుంచీ పొరుగువాడు నిశ్చింతగా ఉన్నాడా అని అడుగుదాం. ఆ ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పినా చెల్లుతుంది.

ఉర్దూ ఇంటిభాషగా గల మిత్రులకు ఇందులో కొన్ని మాటలు కటువుగా తోచవచ్చును. వారి వాదన వినాలని నిజంగానే ఉంది.