ఈ ఏడు వనభోజనాల బస్సు మల్హార్ మీదుగా చాంపా వెళ్లాలి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ, తోర్వా, తార్‌బాహర్, హేమూ నగర్ వైపునా కాపురం ఉంటున్న తెలుగు కుటుంబాలకి, మన సమాజాల పెద్దలకి, మహిళా మండళ్ల అక్కచెల్లెళ్లకి విన్నపం.

కార్తీకం వస్తోంది. ఎవరి సమాజం వాళ్లు బస్సు మాట్లాడుకోవడం, వంటవాళ్లకి అడ్వాన్సు ఇవ్వడం, ఉసిరి చెట్టు ఎక్కడుందో వాకబు చేయడం ఇక మొదలెడతారు. తీరా వెళ్లేది ఎక్కడికి? ఖూటాఘాట్ డ్యామ్ దగ్గరికి. దారిలో రతన్‌పూర్ మహామాయ దర్శనం, గట్టున పులిహోర, తంబోలా, పిల్లలకి కుర్చీలాట, చీకటి పడేలోగా ఇంటికి. మా చిన్నప్పుడూ ఇదే, మా పిల్లల చిన్నప్పుడూ ఇదే, ఇప్పుడు మనవల వంతు. మహామాయ అమ్మవారి మీద గానీ పులిహోర మీద గానీ మాకు ఫిర్యాదు లేదు. మేం అడిగేది ఈ ఏడు ఆ బస్సుని మస్తూరి రోడ్డు ఎక్కించమని. పొద్దున్న మల్హార్ శిథిలాలు, భోజనాలయ్యాక జాంజ్‌గీర్ గుడి, అక్కణ్నుంచి చాంపాలో కోసా నేతగాళ్ల వీధులు. వెంట విషయం తెలిసిన గైడు ఉండాలి. బాగుందనిపిస్తే కార్తీకంతో ఆపకుండా ఫాల్గుణం దాకా నెలకో బస్సు వేయాలి.

మనం ఈ ఊరికి ఎలా వచ్చామో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 కల్లా నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్సోల్ దాకా లైను వేసుకుంది. వాల్తేరు నుంచి పైకి వెళ్లే తీరపు లైను కూడా 1902 నాటికి దాని చేతికే వచ్చింది. ఇంకేం, సిక్కోలు, విజయనగరం పల్లెల్లోంచి గ్యాంగుల్లోకి, లోకో షెడ్లలోకి, యార్డుల్లోకి మనవాళ్లు బయల్దేరారు. కొందరు ఖరగ్‌పూర్‌లో దిగారు, కొందరు ఇక్కడ. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కి ఇది కేంద్రమైంది. క్వార్టర్లు మారాయి, హోదాలు మారాయి, గార్డుగారు ట్రైన్ మేనేజర్ అయ్యారు. ఊరు మాత్రం మనకి ఇప్పటికీ స్టేషన్, బుధ్‌వారీ బజార్, స్కూలు, గుడి. సెలవొస్తే తిరుపతి ఎక్స్‌ప్రెస్సో విశాఖ బండో ఎక్కి వెళ్లిపోతాం. గంట దూరంలో ఏముందో చూడకుండానే రిటైరైపోతాం.

ఆ గంట దూరంలో ఉన్నదానికీ మనకీ పాత లెక్క ఒకటుంది. రతన్‌పూర్‌లో దొరికిన ఒక శిలాశాసనం క్రీ.శ. 1114 నాటిది, కలచురి రాజు మొదటి జాజల్లదేవుడిది. తనకి ఏటేటా కానుకలు పంపుకునే పాలకుల దేశాల జాబితా అందులో చెక్కించాడు. ఆ జాబితాలో ఆంధ్ర ఉంది, దాని పక్కనే ఖిమిడి ఉంది. పర్లాకిమిడి చుట్టుపక్కల నుంచి వచ్చిన కుటుంబాలు మన కాలనీల్లో ఎన్నో లెక్కపెట్టుకోండి. రాజులు తమ గొప్ప కోసం చెక్కించుకున్న మాటలు అణాకి అణా నమ్మక్కర్లేదు, అది వేరే సంగతి. ఇంకా వెనక్కి పోతే, మహానది ఒడ్డున బాల్‌పూర్‌లో శాతవాహన రాజు అపీలకుడి రాగి నాణెం దొరికింది. శాతవాహనులంటే అమరావతి, కోటిలింగాలే మనకి గుర్తొస్తాయి. వాళ్ల నాణెం ఇటువైపు దొరికిందని ఏ పిల్లాడికైనా చెప్పి చూడండి, ఫోను లోంచి తల ఎత్తుతాడు.

మల్హార్ మస్తూరి దాటి లోపలికి ఉంటుంది. బయటి నుంచి చూస్తే మామూలు పల్లె, చెరువులు, మట్టిగోడలు. సాగర్ విశ్వవిద్యాలయం వాళ్లు 1975 నుంచి 78 దాకా ఇక్కడ తవ్వకాలు చేశారు. బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన చతుర్భుజ విగ్రహం ఒకటి ఈ ఊరిదే, క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటిదని పండితుల అంచనా. చూడాల్సిన మొదటి చోటు పాతాళేశ్వర ఆలయం. మనం ఎరిగిన గుళ్లలో మెట్లెక్కి దేవుణ్ని చూస్తాం. ఇక్కడ మండపంలోంచి గర్భగుడిలోకి మెట్లు దిగాలి. ద్వారానికి చెరో పక్కన గంగ, యమున. మొసలి మీద ఉన్నది గంగ, తాబేలు మీద ఉన్నది యమున అని చెప్పేవాడు పక్కన ఉంటే పిల్లలు అరగంట కదలరు. చెప్పేవాడు లేకపోతే, ‘పాతగుడి’ అని సెల్ఫీ దిగి పది నిమిషాల్లో బస్సెక్కుతారు. ఇది కేదారేశ్వరుడికి సోమరాజు అనే బ్రాహ్మణుడు కట్టించిన గుడి అని 1167 ప్రాంతపు శాసనం చెబుతోంది. కట్టించినవాడి పేరు, ఏడాది, పాలిస్తున్న రాజు పేరు, మూడూ తెలిసిన గుడి ఇంత దగ్గరలో ఉండడం మామూలు విషయం కాదు. అదే ఊళ్లో డిండేశ్వరి అమ్మవారి నల్లరాతి విగ్రహం ఉంది. 1991లో దొంగలు ఎత్తుకుపోతే మళ్లీ దొరికింది. ఆ కథ ఊరివాళ్ల నోట వినాలి, గైడు నోట కూడా కాదు.

జాంజ్‌గీర్‌లో ఎక్కువసేపు అక్కర్లేదు. పన్నెండో శతాబ్దపు విష్ణు ఆలయం, పైన శిఖరం లేదు, పని మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఊళ్లో మనిషికో కథ చెబుతారు. గోడల నిండా ఉన్న విష్ణు రూపాలు చుట్టూ తిరిగి చూస్తే చాలు.

చాంపాకి మాత్రం మిగిలిన పూటంతా ఇవ్వాలి. కోసా, కాంసా, కంచన్ అని ఆ ఊరికి పేరు. పట్టు, కంచు, బంగారం అన్నమాట. కోసా అంటే మన దసలి పట్టే, తెలంగాణలో మహదేవ్‌పూర్ వైపు నేసేది. పురుగు మల్బరీ తినదు. సాజా, అర్జున చెట్ల ఆకు తింటుంది, అంటే మన నల్లమద్ది, తెల్లమద్ది. గూడు కొమ్మకి తొడిమతో వేలాడుతుంది. చేతిలోకి తీసుకుంటే గట్టిగా, చిన్న గుడ్డంత ఉంటుంది. దాన్ని సోడా వేసి ఉడికించి, జిగురు వదిలాక పోగు తీస్తారు. రంగు వెయ్యకపోతే ఆ పోగు తేనె రంగులోనే ఉంటుంది. చాంపా కోసాకి భౌగోళిక గుర్తింపు ఉంది. నేసేవాళ్లు ఎక్కువగా దేవాంగన్లు. మన దేవాంగులున్న వీధుల్లో పెరిగినవాళ్లకి ఆ మగ్గం చప్పుడు కొత్త కాదు. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మనిషి, అటూ ఇటూ ఉరికే నాడె, గోడవారన కండెలు చుడుతున్న ముసలమ్మ.

పోగు తీసే పని ఎప్పటి నుంచో ఆడవాళ్లదే. తడి గూళ్ల నుంచి నాలుగైదు పోగులు లాగి, వట్టి తొడ మీద అరచేత్తో రుద్ది పేనేవారు. చర్మం ఒరిసిపోయేది, నడుం పట్టేసేది. ఆ అవస్థ తప్పించడానికి కేంద్ర పట్టు మండలి వాళ్ల సాంకేతిక సంస్థ ‘బునియాద్’ అనే చిన్న యంత్రం తయారుచేసింది. దాని తయారీలో వాళ్లతో చేయి కలిపింది చాంపా మనిషే. తొడ మీద పేనితే రోజుకి 125 రూపాయలు వచ్చే చోట యంత్రం మీద 350 దాకా వస్తాయని ప్రభుత్వం అప్పట్లో చెప్పిన లెక్క. చీర అంచు బాగుందా, కొంగు బాగుందా అని చూసే మనం ఆ పోగు ఎవరి ఒంటి మీద తయారైందో ఒక్కసారి చూసొస్తే బేరమాడే గొంతు కొంచెం తగ్గుతుందని మా ఆశ.

ఇక అసలు సంగతి. మేం కరపత్రం వేసింది దీని కోసమే. ఇలాంటి యాత్రలు దేశంలో చాలాచోట్ల నడుస్తున్నాయి. చాలావాటిలో జరిగేది ఒకటే: శిథిలాల దగ్గర పావుగంట, ఆ తర్వాత డ్రైవరుకి కమీషన్ ఇచ్చే షాపులో రెండు గంటలు. నేతగాడి ఇంటికి తీసుకెళ్లినా, నలభై మంది గుమ్మంలో నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే ఆయన నాడె ఆపి నవ్వుతూ కూర్చోవాలి. ఒక్కరూ చీర కొనరు. ఆ పూట కూలి ఆయనకి పోయినట్టే. మళ్లీ బస్సొస్తే తలుపు వేసుకుంటాడు, వేసుకోవాలి కూడా.

అందుకని మా ప్రతిపాదనలో మిగతావి ఎలా మార్చినా ఫర్వాలేదు గానీ ఇది మార్చడానికి వీల్లేదు. టికెట్‌లో మనిషికి వంద రూపాయలు నేతవారి కుటుంబాలకి చేరాలి. చీరలు అమ్ముడైనా, కాకపోయినా. పని చూపించడం కూడా పనే, దానికి కూలి కట్టాలి. బస్సు బయల్దేరక ముందే ఆ సొమ్ము ఇచ్చేయాలి. ఒక ఇంట్లోకి ఒక విడతలో పదిమందికి మించకూడదు. ఇంట్లో బేరాలు వద్దు, కొనాలనుకున్నవాళ్లు ఆఖర్న వాళ్ల సహకార సంఘం దుకాణంలోనో, నేసినవాళ్ల దగ్గరే చెప్పిన ధరకో కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు సిల్క్ మార్క్ చీటీ చూడండి. పడుగు ఏ దారం, పేక ఏ దారం అని అడగండి. దిగుమతి దారం కలిపినవీ అమ్ముతారు, కలిపామని చెప్పి అమ్మేవాణ్ని తప్పుపట్టలేం.

గైడు మల్హార్ కుర్రాడో చాంపా అమ్మాయో అయితే మేలు. వాళ్లకి ఛత్తీస్‌గఢీ, హిందీ వస్తాయి, మన అమ్మమ్మలకి హిందీ బజారు వరకే వచ్చు. అందుకని కోనీలోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మన పిల్లల్లో ఒకరిద్దరు పక్కన నిలబడి తెలుగులో చెప్పాలి. ముందు వాళ్లని రెండుసార్లు తీసుకెళ్లి, శాసనాల సంగతులు, మగ్గం సంగతులు నేర్పించాలి. గైడుకీ, తెలుగు చెప్పే పిల్లలకీ డబ్బులివ్వాలి. మన సమాజాల్లో ‘సేవ’ అనే పేరుతో పిల్లల చేత ఉచితంగా పని చేయించుకునే అలవాటు ఉంది, దాన్ని ఈ బస్సెక్కించకండి.

కుదరదనేవాళ్లు మూడు మాటలు అంటున్నారు. డ్యూటీలున్నాయి అన్నది మొదటిది. నిజమే, రన్నింగ్ స్టాఫ్‌కి ఆదివారం ఆదివారంలా దొరకదు. అందుకే ఒకే బస్సు కాకుండా నెలకొకటి అంటున్నాం, రెస్టు పడినప్పుడు ఎక్కండి. రెండో మాట, రైల్లోనే వెళ్లొచ్చు కదా, పాసులున్నాయి కదా అని. అకల్‌తరా, జాంజ్‌గీర్ నైలా, చాంపా అన్నీ మెయిన్ లైన్ మీదే ఉన్నాయి. కానీ మల్హార్ లైను మీద లేదు. పైగా కోర్బా బొగ్గు రేకుల కోసం పాసింజరు ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో మనకి ఒకరు చెప్పాలా? ఆ బొగ్గు లాగేది మనమే. బస్సే నయం. చాంపా నుంచి తిరుగు దారి 49వ నంబరు జాతీయ రహదారి, దాన్నే ఎదురు దిక్కున పట్టుకుపోతే ఖరగ్‌పూర్ చేరుతుంది, మన రెండు రైల్వే ఊళ్లనీ కలిపే రోడ్డు.

మూడో మాట కొంచెం గట్టిది: వనభోజనం అంటే ఉసిరి చెట్టు కింద భోజనం, దాన్ని గుళ్లూ మగ్గాలూ చూసే టూరుగా మారిస్తే కార్తీకం ఏమవుతుంది? పెద్దవాళ్లు ఈ మాట అన్నప్పుడు మాకు వాదించాలనిపించలేదు. దారిలో ఉసిరి చెట్టున్న తోట ఒకటి ముందే చూసుకుని, పూజ, భోజనం అక్కడే పెట్టుకుందాం. మల్హార్‌లో శివుడు ఎలాగూ ఉన్నాడు. కార్తీకంలో శివాలయం దాటి డ్యామ్ గట్టుకి వెళ్తున్నది ఇన్నాళ్లూ మనమే కదా.

మన రాష్ట్రాల్లో ఇలాంటిది ఫలించిన చోటు భూదాన్ పోచంపల్లి. మగ్గాలున్న పల్లెగానే అది ప్రపంచం కంట్లో పడింది, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. చాంపాకి అంత పేరు మన ఒక్క బస్సు వల్ల రాదు. రాష్ట్ర పర్యాటక శాఖ చేయాల్సినవి చాలా ఉన్నాయి: మల్హార్‌లో ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్లు, శాసనాల్లో ఏముందో మామూలు మాటల్లో చెప్పే బోర్డులు, బిలాస్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం దగ్గర ఈ దారి చూపే ఒక పటం. వాటి కోసం అర్జీ రాసి పెట్టాం, సంతకాలు కావాలి. కానీ అర్జీకి జవాబు వచ్చేదాకా ఆగితే ఈ కార్తీకం పోతుంది. మార్చి దాటాక మల్హార్ రాళ్ల మీద కాలు పెట్టలేం.

మీ సమాజం తర్వాతి సమావేశంలో వనభోజనాల విషయం వచ్చినప్పుడు ఈ కాగితం చదివి వినిపించండి. ఒప్పుకుంటే పేర్లు, ఎంతమంది, ఏ ఆదివారం వీలు అన్నది మీ కార్యదర్శికే రాసివ్వండి. నడవలేని పెద్దలు ఎవరైనా ఉంటే అదీ రాయండి, పాతాళేశ్వరంలో మెట్లు దిగాలి కాబట్టి తోడు మనుషుల్ని ముందే చూసుకోవాలి. నేతవారికి ఇచ్చే వంద రూపాయలు మాత్రం పేరుతో పాటే కట్టండి, బస్సు టికెట్ డబ్బులు తర్వాత ఇచ్చినా సరే.

— బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లం కొందరం