పూడ్చిన దొరువు

దొరువు అంటే ఏమిటని నేటి విద్యార్థులను అడిగితే నిఘంటువు తెరవవలసిందే. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో పుట్టి పెరిగిన మావంటి వారికి ఆ అవసరం లేదు. ఇసుకలో నాలుగైదడుగులు తవ్వితే భూగర్భజలం తనంత తానే ఊరి నిలిచే చిన్న గుంట అది. మా పెద్దలు ఆ నీటినే కుండలతో ముంచి, కావడితో మోసి, సరుగుడు నారునూ మిరపనూ కూరపాదులనూ పెంచారు.

మా పెరటిలోనూ ఒక దొరువు ఉండేది. పాతికేళ్ల క్రిందట ఇల్లు కట్టుకున్నప్పుడు దానిని పూడ్పించినవాణ్ణి నేనే. దోమలన్నాను, పసిపిల్లలన్నాను, నిజానికి నామోషీ కూడా ఉన్నది. లోతుగా బోరు వేయించాను. "పైన తేలే నీళ్లు చాలవుట్రా?" అన్నది మా అమ్మ. చాదస్తమనుకున్నాను. ఏడేళ్లు తిరిగేసరికి బోరునీరు ఉప్పగా మారింది. ఆమె నాటిన నిమ్మచెట్టు ఆకుల అంచులు మాడి, చివరకు మోడయింది.

అమ్మ మాట అక్షరసత్యమని తరువాత చదివి తెలుసుకొన్నాను. తీరభూమిలో ఉప్పునీటిపై మంచినీరు, తేలిక గనుక, తేలి ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరున్నచోట దిగువన సుమారు 40 అడుగుల మేర మంచినీరే ఉంటుందని సూత్రం. అంటే పైన ఒక అడుగు తరిగితే కాలక్రమాన అడుగునుంచి ఉప్పు 40 అడుగులు ఎగబ్రాకుతుంది. బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు మెరుగుపరచిన దొరువు పద్ధతికీ ఇదే ఆధారం: పైపొరలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరచి, మంచినీటిని మీగడవలె తీసుకోవడం.

నిరుడు దొరువును మళ్లీ తవ్వించాను. "వానల్లో తవ్వితే నీళ్లు మోసం చేస్తాయి మాస్టారూ, రోహిణిలో తవ్వించండి" అన్నాడు తవ్విన పెద్దాయన. నీటిమట్టం అడుగంటినప్పుడు నీరు పడితేనే ఏడాదంతా నిలుస్తుంది. పైన 20 అడుగుల వెడల్పు, నడుమ 5 అడుగుల లోతు. ఇసుక జారకుండా గట్లు ఏటవాలు. ప్లాస్టిక్ పట్టా పరచమనీ సిమెంటు చేయించమనీ సలహాలు వచ్చాయి. ఊట నోరు మూసి మోటారుతో నింపితే అది తొట్టి అవుతుంది గాని దొరువు కాదు. మరుగుదొడ్డి గుంటకు దూరంగా తవ్వించి, చుట్టూ కంచె కట్టించి తాళం వేశాను. దోమపిల్లలను తినడానికి చిన్నచేపలను వదిలాను. ఈ నీరు మొక్కలకే, త్రాగము.

దొరువు తవ్వితే భూగర్భజలం పెరుగుతుందనే మాటతో నేను ఏకీభవించను. అది నీటిని పుట్టించదు; పైపెచ్చు కొంత ఎండకు ఆవిరవుతుంది. అందుకే చిన్నది చాలు, గట్టున నీడ కావాలి. నేలకు నీరిచ్చేది వాన. మా ఇంటికప్పు మీది వాననీటిని కూడా ఇసుకలోకే ఇంకనిస్తున్నాను.

మరి తవ్వడమెందుకు? నీటి లెక్క కంటికి కనిపించడానికి. బోరు ఎంత తోడినా అప్పు ఎంతయిందో చెప్పదు. నాలుకకు ఉప్పు తగిలేదాకా మనకు తెలియదు. వేసవిలో దొరువునుంచి నలభై బిందెలు ముంచితే చాలు, నీటి అంచు దిగిపోతుంది. మళ్లీ ఊరేవరకు ఆగవలసిందే. మా కాలపు చదువు నాకు ఈ ఆగడం నేర్పలేదు. తీరగ్రామాలలో ఇల్లు కట్టుకొనేవారు బోరు వేయించేముందు ఒక్క వేసవి దొరువు నీటితో గడిపి చూడాలని నా అభిప్రాయం.

అమ్మ ఇప్పుడు లేదు. గట్టు మీద మళ్లీ నిమ్మమొక్క నాటాను. "దొరువు" అని పలకడం మా మనుమడికి ఇప్పుడిప్పుడే వస్తున్నది.

మీ ప్రాంతంలో ఇటువంటి ఊటగుంటను ఏమంటారో, అది ఇంకా నిలిచి ఉన్నదో లేదో తెలుపగలరు.