1,034 పెళ్లిళ్ల నాటకం పాతబస్తీ బడికి ఎప్పుడు వస్తుంది?

చార్మినార్ నుంచి రవీంద్రభారతికి ఐదారు కిలోమీటర్లు. శాలిబండ, మొగల్‌పురా, గౌలిపురా, హుస్సేనీ ఆలం బడుల్లో చదివే పిల్లల్లో ఆ దూరం దాటి వెళ్లి ఒక్క నాటకమైనా చూసినవాళ్లు ఎంతమంది? తమ బడిలో పదో తరగతి ముగించిన ప్రతి విద్యార్థీ కనీసం ఒక్క మంచి నాటకం కళ్లారా చూశాకే బయటికి వెళ్లాడని ఏ ప్రధానోపాధ్యాయుడైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? జూన్‌లో బడులు తెరుస్తారు. సంక్రాంతి దాటితే పరీక్షలు తప్ప మరో మాట వినపడదు. మధ్యలో ఉన్న ఈ కాస్త సమయం చేజారితే ఇంకో బ్యాచ్ నాటకం అంటే ఏమిటో తెలియకుండానే వెళ్లిపోతుంది. తెలుగు నాటకాన్ని ప్రేమిస్తున్నామని చెప్పుకునే ప్రతి ఒక్కరికీ, ఈ వ్యాసకర్తతో సహా, ఇందులో బాధ్యత ఉంది.

ఒక్క అంకె చాలు, ఇది ఎంత పెద్ద నష్టమో తెలియడానికి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఒకప్పుడు విశాఖ జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లలకు చేసిన పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో తేలినవి 1,034. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు. ముగ్గురికి ఏడాది. గురజాడ అప్పారావు ఈ లెక్కను 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికలో పెట్టారు. నాటకం అంతకు అయిదేళ్ల ముందే, 1892లో, విజయనగరంలో రంగస్థలం ఎక్కింది.

ఆ 1,034 మంది పిల్లలు తరగతి గదిలోకి రావడం లేదు. గురజాడ పేరు, బిరుదు, పుట్టిన ఊరు, రచనల జాబితా మాత్రం వస్తున్నాయి. అవి గైడులో ఉంటాయి కాబట్టి, వాటికి మార్కులుంటాయి కాబట్టి.

ఈ నాటకం పాతబస్తీకి దూరం కాదు. 1991లో ఇక్కడి ఒక పసిపిల్లను అరవయ్యేళ్ల విదేశీయుడికి కట్టబెట్టి పంపుతుంటే, విమానంలో ఏడుస్తున్న ఆ పిల్లను ఒక ఎయిర్ హోస్టెస్ గమనించి ఆరా తీసింది. ఢిల్లీలో ఆ ప్రయాణం ఆగింది. దేశమంతా హైదరాబాద్ వైపు చూసింది. ‘కన్యాశుల్కం’ అగ్రహారంలో ముసలి లుబ్ధావధాన్లకు చిన్నపిల్లను అమ్మజూపిన కథకూ దీనికీ నడుమ ఉన్నది వందేళ్లు మాత్రమే. మతం వేరు, భాష వేరు, పిల్లకు కట్టిన ధర ఒక్కటే. ఇంత దగ్గరి నాటకాన్ని ఈ పిల్లలకే చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తారు?

‘పాత నాటకాలు పిల్లలకు ఎక్కవు’ అనే మాట ఇక కట్టిపెట్టాలి. ‘కన్యాశుల్కం’ మొదట్లోనే వెంకటేశం పరీక్ష తప్పి, ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో తెలియక వణుకుతుంటాడు. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇంతకంటే దగ్గరి పాత్ర ఏది? అదే వెంకటేశం, అతని గురువు గిరీశం కలిసి తల్లిని మెప్పించడానికి అర్థంపర్థం లేని ఇంగ్లీషు ముక్కలు వల్లించుకునే ఘట్టం ఉంది. అప్పు చేసి మరీ ఇంగ్లీషు మీడియం ఫీజులు కడుతున్న ఇళ్ల పిల్లలు ఆ ఘట్టానికి నవ్వకుండా ఉండలేరు. మగపిల్లాడికి చీర కట్టి ముసలివాడికి పెళ్లికూతురిగా అంటగట్టే ఉపాయం ఉంది. పిల్లలకు ఎక్కనిది నాటకం కాదు, దాన్ని బెంచీల మీద కూర్చోబెట్టి చదివించే పద్ధతి.

పద్ధతి మార్చడం కష్టమూ కాదు, కొత్తా కాదు. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించింది తన విద్యార్థులతోనే. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన బడిపిల్లల చేతుల్లో మొదలైంది. బ్రిటన్‌లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 2008లో బడుల కోసం చేపట్టిన ఉద్యమం మూడే మాటలు చెప్పింది: పిల్లలను లేపి నిలబెట్టి ఆడించండి, ప్రత్యక్షంగా చూపించండి, చిన్న వయసులోనే మొదలుపెట్టండి. కందుకూరి చేసి చూపించిన పని ఇంగ్లండు నుంచి సలహాగా వచ్చినా ఇక్కడి బడులు కదలకపోతే ఏమనుకోవాలి?

మొదటి పీరియడులో బోర్డు మీద 1,034 అని రాయాలి. పక్కన 99 అని రాసి, తరగతిలో ఎవరింట్లో అయిదేళ్ల చెల్లెలు ఉందో చేతులెత్తమనాలి. అక్కడి నుంచి నాటకంలోకి వెళ్లాలి. మొత్తం ఆడాలంటే గంటలు గంటలు పడుతుంది, అంత అక్కర్లేదు. ఇరవై నిమిషాల ఘట్టం ఒకటి చాలు. గురజాడ భాష నూరేళ్ల కిందటి విజయనగరం భాష. దాన్ని పిల్లలు మొదట తమ నోటి మాటల్లో ఆడాలి: తెలంగాణ తెలుగులో, దక్కనీలో, రెండూ కలిపి. సన్నివేశం వంటబట్టాక అసలు సంభాషణ చేతికివ్వాలి. అప్పుడు ఆ మాటల రుచి వాళ్లే పట్టుకుంటారు. ఒక్కో పాత్రను ఒక్కో భాషలో మాట్లాడించడం తెలుగు నాటకానికి తప్పేమీ కాదు. ‘కన్యాశుల్కం’ అచ్చయిన 1897లోనే వచ్చిన వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ పాత్రోచిత భాషకే పేరు పొందింది.

ఈ దారి తెలుగు పాఠానికే కాదు. సీబీఎస్ఈ బడుల్లో ఏళ్ల తరబడి పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో చెహోవ్ ‘ది ప్రపోజల్’ ఉంది. పెళ్లి మాట అడగడానికి వచ్చినవాడు పిల్లతో పొలం తగాదా పెట్టుకుంటాడు, తర్వాత కుక్కల తగాదా. పెళ్లి సంబంధాలు, ఉమ్మడి ఆస్తి వివాదాలు పాతబస్తీ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గొడవను ఒక్కసారి దక్కనీలో ఆడనిస్తే, ఆ తర్వాత ఇంగ్లీషు ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టే అవసరమే ఉండదు. ఉర్దూ మీడియం బడులు హబీబ్ తన్వీర్ ‘ఆగ్రా బజార్’తో మొదలుపెట్టవచ్చు. 1954లో ఆయన దాన్ని ఆడించింది జామియా మిలియా విద్యార్థులతో, పక్కనున్న ఓఖ్లా గ్రామస్థులతో. ఆ నాటకానికి కేంద్రమైన కవి నజీర్ వేదిక మీదికే రాడు. ఆయన కవిత్వాన్ని బజారు మనుషులు పాడుతుంటారు. లాడ్‌బజార్‌లో పెరిగిన పిల్లలకు బజారు కేకలు నేర్పాలా?

ఆడపిల్లలను వేదిక ఎక్కించరన్న సాకు కూడా వద్దు. ‘కన్యాశుల్కం’లోని వేశ్య మధురవాణి వేషంతో నటుడు స్థానం నరసింహారావు పేరు తెచ్చుకున్నారు. మగవాళ్లు మధురవాణి కాగలిగినప్పుడు ఆడపిల్లల బడిలో గిరీశం వేషం ఆడపిల్ల ఎందుకు వేయకూడదు? తల్లులే ప్రేక్షకులుగా బడి ఆవరణలోనే ప్రదర్శన పెడితే ఏ ఇంటికీ అభ్యంతరం ఉండదు.

ఇక కఠినంగా చెప్పక తప్పని మాట. వార్షికోత్సవంలో సినిమా పాటల డ్యాన్సులకు డ్రెస్సులు, డీజే, లైట్లు అద్దెకు తెచ్చే యాజమాన్యాలు నాటకానికి డబ్బు లేదనడం అన్యాయం. పిల్లలకు 1955 నాటి ‘కన్యాశుల్కం’ సినిమా చూపించి నాటకం చెప్పేశామనుకోవడం బద్ధకం. పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతల ముందు ఆడి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయని వాపోయే నాటక సమాజాలు ఆ కుర్చీల్లో రేపు కూర్చోవలసిన పిల్లల దగ్గరికి వెళ్లకపోవడం అంతకంటే పెద్ద తప్పు. 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బోర్డుల బడుల్లో తెలుగు బోధన తప్పనిసరి అయింది. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్ల తెలుగును మార్కుల భయంగానే ఎరిగితే, ఆ చట్టం తెచ్చి ఏం లాభం?

అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. పాతబస్తీలోని ప్రతి ఉన్నత పాఠశాల దసరా సెలవుల్లోగా ఒక నాటకం నుంచి ఒక ఘట్టం ఎంచుకోవాలి. 8, 9 తరగతులకు వారానికి ఒక్క పీరియడు ఇవ్వాలి. డిసెంబరులోగా బడి ఆవరణలో, మైకు లేకపోయినా సరే, ఆడించాలి. నగరంలోని ప్రతి నాటక సమాజం ఒక్కో బడిని ఎంచుకుని, నటులను నెలకు రెండుసార్లు పంపాలి. విశ్వవిద్యాలయాల రంగస్థల కళల శాఖలు తమ విద్యార్థులను ఈ బడులకు శిక్షణకు పంపాలి. భాషా సాంస్కృతిక శాఖ రవీంద్రభారతిలో నెలకు ఒక ఉదయాన్ని బడిపిల్లలకు కేటాయించి, బస్సులు ఏర్పాటు చేయాలి. 1885లో ‘కీచక వధ’తో మొదలైన సురభి సంస్థ వారసులు నగరం చివర లింగంపల్లిలోనే ఉన్నారు. ఘటోత్కచుడి మాయలన్నీ కళ్లముందు జరిగే వారి ‘మాయాబజార్’తో 6, 7 తరగతుల పిల్లలకు నాటకం పరిచయం కావాలి.

తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా చిన్నది. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక, పిల్లలకు ఈ ఏడాది ఏ నాటకం చూపిస్తారని కూడా అడగాలి. జవాబు రాకపోతే వచ్చే నెల మీటింగ్‌లో మళ్లీ అడగాలి.