బయానా ఉన్నోడిదేనా దుకాణం?



సింహాచలం కొండ కింద మా మామూది గాజుల బండి. చందనోత్సవం దగ్గర పడితే ఆ ఇంట్లో ఈద్ ముందుండే హడావిడే. మొన్న జుమా నమాజయ్యాక, "దుకాణాల వేలం పాట మనలాంటోళ్ళకి కాదు బేటా" అన్నారు. మజహబ్ వల్లనా అని అడిగాను. "కాదురా, రక్మ్ వల్ల" అన్నారు.

మజహబ్ గోడా ఉంది. 2015లో సర్కారు 426వ జీవో తెచ్చి, గుడి దుకాణాల పాటకు హిందువులు కానివాళ్ళు రాకూడదంది. శ్రీశైలం దుకాణదారులు కోర్టుకెళ్ళారు. 2019లో హైకోర్టులో ఓడిపోయారు, 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్. దాని మీద మనవాళ్ళు బోలెడు తఖ్రీర్లు చేశారు. రెండో గోడ గురించి ఒక్కరూ నోరెత్తరు.

అది షరతుల కాగితంలో ఉంటుంది. గుడి కానీ, బస్టాండు కానీ, మున్సిపాలిటీ కానీ, బయానా ఇంత, పాట గెలిస్తే మొత్తం ఇన్ని రోజుల్లో కట్టాలి, లేదా బయానా జప్తు. ఏడాది కిరాయి ఒకేసారి అడిగితే గాజులమ్మేవాడు పాటకు రాడు, నోట్ల కట్టలున్నవాడే వస్తాడు. వాడు దుకాణం పాడుకుని మా మామూలాంటోళ్ళకే రోజు కిరాయికి తిప్పుతాడు. పాడేవాళ్ళు తగ్గితే పాటా పెరగదు, అంటే అమ్మేవాడికీ నుక్సానే.

2022 స్పెక్ట్రం వేలంలో టెలిఫోన్ కంపెనీలకు 20 ఏటా వాయిదాలిచ్చారు. సూద్ కలిపే అనుకోండి. లక్షల కోట్ల వేలంలో 20 ఏళ్ళు ఆగగలిగిన సర్కారుకు గాజుల దుకాణం దగ్గరికొచ్చేసరికి సబర్ ఉండదు!

వాళ్ళ సంగతి సరే, మన సంగతేంటి? 2013 సవరణ తర్వాత వక్ఫ్ ఆస్తిని 30 ఏళ్ళ దాకా లీజుకివ్వొచ్చు. మా వైపు ఒక మస్జిద్ కమిటీ దుకాణాలకు పగిడీ మొత్తం ముందే అడిగింది. కుట్టు మిషన్ పెట్టుకుందామనుకున్న ఒక బేవా ఖాలా అక్కడి నుంచే వెనక్కొచ్చేసింది. దుకాణం ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు.

"నెలనెలా అంటే ఎగ్గొడతారు భాయ్" అంటారు. ఎగ్గొట్టేవాళ్ళు ఉన్నారు, నిజమే. మూడు నెలల కిరాయి డిపాజిట్ పెట్టించుకోండి, కట్టకపోతే దుకాణం వెనక్కి తీసుకోండి. బయానా జప్తు మీద ఫుఖహాలో ఇఖ్తిలాఫ్ ఉంది. హంబలీలు సరేనన్నారు, మన హనఫీ ఉలమా ఒప్పుకోలేదు. మస్జిద్ కమిటీకే ఇది గుర్తు చేయాల్సి రావడం శరమ్.

అబూ దావూద్‌లో రివాయత్ ఉంది. అడుక్కోవడానికొచ్చిన అన్సారీ ఇంట్లోని దుప్పటి, గిన్నె తెప్పించి రసూలుల్లాహ్ (స) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమన్నారు, ఇంకొకరు రెండిచ్చారు. ఒకదానితో ఇంటికి తిండి, రెండోదానితో గొడ్డలి కొనమన్నారు. పాట పెట్టింది గరీబు చేతికి పని దొరకాలని.

ఈ జుమాకి మీ ముతవల్లీ సాబ్‌ని షరతుల కాగితం చూపించమనండి. తీసుకున్న పగిడీ ఏ ఖాతాలో ఉందో కూడా అడగండి.