ఎండను దాచుకునే ఇసుక

బస్టాండు దగ్గర శనగలు వేయించే బండి చూసే ఉంటారు. పెద్ద మూకుడు నిండా నల్లబడిన ఇసుక. కింద మంట. గుప్పెడు శనగలు అందులో పోసి నాలుగుసార్లు గరిటె తిప్పితే చాలు, చిటపటమంటూ వేగిపోతాయి. జల్లెడ పడితే ఇసుక మళ్లీ మూకుట్లోకి, శనగలు పొట్లంలోకి. రాత్రి బండి కట్టేసి మంట ఆర్పాక కూడా ఆ ఇసుక జోలికి ఎవరూ వెళ్లరు. చాలాసేపటి వరకూ చెయ్యి కాలుతుంది మరి! పల్లెల్లో పేలాలు వేయించే మంగలానిదీ ఇదే కిటుకు. ఇసుక ఎంత వేడెక్కినా మాడదు, అంత తేలిగ్గా కరగదు. ఒకసారి పట్టుకున్న వేడిని తొందరగా వదిలిపెట్టదు.

ఈ కిటుకుతో ఓ పట్టణంలో ఇళ్లను వెచ్చబెడుతున్నారంటే నమ్ముతారా? ఫిన్లండ్‌లో నిజంగానే ఆ పని జరుగుతోంది.

అదేమిటో చూసే ముందు అసలు చిక్కు సంగతి తెలుసుకోవాలి. సూర్యుడి నుంచి కరెంటు తీయడం ఇప్పుడు వింతేమీ కాదు. 2025 జనవరికల్లా మన దేశంలో సౌర విద్యుత్తు సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. పలకల ధరలూ బాగా దిగివచ్చాయి. కానీ సూర్యుడు సాయంత్రం ఆరింటికల్లా డ్యూటీ దిగిపోతాడు. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, మిక్సీలు, ఏసీలు ఒక్కసారిగా మొదలవుతాయి. మిట్టమధ్యాహ్నం వాడుకునేవాళ్లు లేక కరెంటు మిగిలిపోతుంటే, రాత్రి ఏడింటికి బొగ్గు మీద ఆధారపడాల్సి వస్తోంది. వండిన అన్నం మధ్యాహ్నం పారబోసి రాత్రికి పొయ్యి వెలిగించుకున్నట్టు! కాబట్టి ఇప్పుడు కావాల్సింది ఎండను పట్టే యంత్రం కాదు, పట్టిన ఎండను పొద్దుపోయేదాకా దాచే గాదె.

సెల్‌ఫోన్లో ఉండే లిథియం బ్యాటరీలనే పెద్దవి చేసి పెట్టుకోవచ్చుగా అంటారా? పెడుతున్నారు కూడా. రెండు నుంచి నాలుగు గంటల అవసరానికి అవి భేషుగ్గా పనిచేస్తాయి. అయితే వారం రోజులు ముసురు పడితే? నెలల తరబడి చలికాలమైతే? అంత కరెంటును లిథియంలో దాచాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఇంజినీర్లు చవగ్గా, ఎక్కడపడితే అక్కడ దొరికే సరుకు కోసం చూశారు. ఇసుక, ఉప్పు, తుప్పు, నీళ్లు... అన్నీ మనకు తెలిసినవే.

ఫిన్లండ్ పశ్చిమ ప్రాంతంలో కంకాన్‌పా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ పోలార్ నైట్ ఎనర్జీ అనే సంస్థ 2022లో ఓ ఉక్కు గాదెను నిలబెట్టింది. నాలుగు మీటర్ల వెడల్పు, ఏడు మీటర్ల ఎత్తు. లోపల వంద టన్నుల ఇసుక. ఇళ్లు కట్టడానికి పనికిరాదని మేస్త్రీలు పక్కన పెట్టే రకం ఇసుకైనా సరిపోతుంది. ఇసుక కోసం ఎన్ని తగాదాలు పడతామో తెలిసిన మనకు ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. గాలి, ఎండ పుష్కలంగా ఉండి కరెంటు చవగ్గా దొరికే వేళ, ఆ కరెంటుతో గాలిని వేడిచేసి గొట్టాల ద్వారా ఇసుక మధ్య తిప్పుతారు. ఇసుక సుమారు 500 డిగ్రీల వరకూ వేడెక్కుతుంది. గాదె చుట్టూ వేడి బయటికి పోకుండా మందపాటి కవచం ఉంటుంది. వేడి కావాల్సి వచ్చినప్పుడు అవే గొట్టాల్లోకి చల్లగాలి పంపితే భగభగమంటూ బయటికొస్తుంది. ఆ గాలితో నీళ్లు కాచి, వీధుల కింద వేసిన పైపుల్లోంచి ఇళ్లకూ ఈతకొలనుకూ పంపిస్తారు. మనకు కుళాయి కనెక్షన్ ఉన్నట్టు అక్కడి ఊళ్లకు వేడినీళ్ల కనెక్షన్ ఉంటుంది.

ఈ గాదెలో దాచగలిగేది 8 వేల యూనిట్ల వేడి. ఇది మొదలైన సమయం కూడా అలాంటిదే. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో 2022 మే నెలలో రష్యా నుంచి ఫిన్లండ్‌కు కరెంటూ గ్యాసూ ఆగిపోయాయి. రాబోయే చలికాలం ఎలా గడుస్తుందా అని జనం దిగులుపడుతున్న రోజుల్లో ఇసుక గాదె కబురు ప్రపంచమంతా పాకింది.

చిన్నది బాగానే పనిచేసింది. దాంతో 2025లో దక్షిణ ఫిన్లండ్‌లోని పోర్నైనెన్‌లో ఇంకా పెద్దది కట్టారు. 13 మీటర్ల ఎత్తు, 15 మీటర్ల వెడల్పు. ఇందులో ఇసుకకు బదులు పొయ్యిలు తయారుచేసే కంపెనీలో మిగిలిపోయిన బలపపు రాయి పొడి పోశారు. రెండు వేల టన్నులు! లక్ష యూనిట్ల వేడి పడుతుంది. ఆ ఊరికి వేసవిలో దాదాపు నెల రోజులకు, గడ్డకట్టే చలిలో ఓ వారానికి సరిపోతుందని అంచనా. ఇది వచ్చాక అక్కడి వేడినీళ్ల కేంద్రంలో చమురు మండించే అవసరం తప్పింది.

ఇంతవరకూ విని మనకూ ఓ ఇసుక గాదె ఉంటే బాగుండనిపిస్తుంది. ఆగండి. ఇసుక ఇచ్చేది వేడి, కరెంటు కాదు. ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైను తిప్పి మళ్లీ కరెంటు తీయబోతే సగానికి పైగా దారిలోనే పోతుంది. చలి కాచుకోవాల్సిన ఫిన్లండ్‌కు అది అమృతం. మే నెల విజయవాడలో ఇంటికి వేడి పంపుతామంటే ఎవరైనా తరిమికొడతారు! కాకపోతే బట్టలకు రంగులద్దే యూనిట్లు, పాల డెయిరీలు, ఉప్పుడు బియ్యం మిల్లులు... వీటన్నిటికీ రోజూ ఆవిరి కావాలి. మిల్లుల్లో ఊక మండిస్తారు సరే, బొగ్గో, ఫర్నేస్ ఆయిలో మండించే బాయిలర్లకు కొదవ లేదు. ఇసుక గాదె మన దగ్గరికి వస్తే ముందుగా రావాల్సింది ఆ గేట్లలోంచే.

రాత్రిపూట కూడా సూర్యుడితో కరెంటు తీసి చూపించింది స్పెయిన్. సెవిల్ దగ్గర జెమాసోలార్ కేంద్రం 2011లో మొదలైంది. మైదానం నిండా అద్దాలు పరిచి ఎండనంతా ఓ ఎత్తయిన స్తంభం మీదికి మళ్లిస్తారు. అక్కడ కరిగిన ఉప్పు 565 డిగ్రీలకు కాగుతుంది. ఉప్పంటే కూరలో వేసేది కాదు, ఎరువుల్లో వాడే నైట్రేట్ లవణాలు. ఆ వేడితో ఎండ లేకపోయినా 15 గంటలు కరెంటు తీయొచ్చు. 2013లో ఈ కేంద్రం 36 రోజులు ఏకధాటిగా నడిచింది. అదే పద్ధతిలో అమెరికాలోని నెవాడా ఎడారిలో కట్టిన క్రెసెంట్ డ్యూన్స్‌లో మాత్రం 2016లో ఉప్పు తొట్టె కారిపోయింది, నెలల పాటు మూతపడింది. 2020లో దాని యాజమాన్య సంస్థ దివాలా పిటిషన్ వేసింది. కొత్త ఆవిష్కరణల్లో ఇలాంటివీ ఉంటాయి. పత్రికల్లో ప్రారంభోత్సవం ఫొటో వచ్చినంత పెద్దగా తొట్టె కారిన వార్త రాదు, అంతే తేడా.

ఇక తుప్పు. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని తుప్పుపడుతుందని బళ్లో చదువుకున్నదే. ఆ తుప్పుపట్టే క్రమంలో కరెంటు పుట్టించవచ్చు. తిరిగి కరెంటు ఇస్తే తుప్పు మళ్లీ ఇనుమవుతుంది. అమెరికాలో 2017లో పుట్టిన ఫామ్ ఎనర్జీ సంస్థ ఈ సూత్రంతో వంద గంటల పాటు కరెంటివ్వగల బ్యాటరీని రూపొందించింది. వెస్ట్ వర్జీనియాలోని వీర్టన్‌లో, ఒకప్పుడు ఉక్కు మిల్లు నడిచిన స్థలంలోనే ఫ్యాక్టరీ పెట్టింది. పెట్టిన కరెంటులో సగానికి పైగా నష్టపోవడం దీని లోపం. ఇనుము చవక కాబట్టి ఆ నష్టం తట్టుకోవచ్చన్నది వాళ్ల లెక్క.

అన్నిటికన్నా పాతది, నమ్మకమైనది మాత్రం మన కళ్లెదురుగానే ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. వాటిలో ఏడు రెండువైపులా తిరుగుతాయి! ఒకవైపు తిరిగితే కరెంటు ఇస్తాయి. కరెంటు ఇచ్చి రెండోవైపు తిప్పితే దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి తోడతాయి. శ్రీశైలం ఎడమగట్టున కొండ లోపల ఉన్న ఆరు యూనిట్లూ ఇలాంటివే. సౌర పలకల ఊసే లేని 1980ల్లోనే సాగర్‌లో ఈ ఏర్పాటు చేసుకున్నారు మన ఇంజినీర్లు. నూరు యూనిట్లు ఖర్చుపెట్టి నీళ్లు పైకి తోడితే, కిందికి వదిలినప్పుడు 75 నుంచి 80 యూనిట్లు తిరిగొస్తాయి. తుప్పు కన్నా, ఇసుక కన్నా ఎంతో నయం.

ఇప్పుడు అదే పద్ధతిని నదితో పని లేకుండా కడుతున్నారు. కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల పరిసరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అదే ప్రాంతంలో, నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. ఒకసారి గోరకల్లు జలాశయం నుంచి నీళ్లు నింపుకుంటే పగలు పైకి, సాయంత్రం కిందికి అవే నీళ్లు తిరుగుతుంటాయి. రాయలసీమ ఎండకు ఆవిరైపోయినంత మాత్రం ఏటా మళ్లీ పోసుకోవాలి.

అయితే చెరువు కట్టాలంటే నేల కావాలి. కొండలున్న చోటే ఈ ప్రాజెక్టులు. మన కొండలేమో ఖాళీగా లేవు. అల్లూరి జిల్లా మన్యంలో ఇలాంటి ప్రతిపాదనలు వచ్చినప్పుడు ఆదివాసీలు వద్దని రోడ్డెక్కారు. పట్నంలో ఏసీ ఆగకుండా ఉండటానికి తమ పోడు భూములు, ఊటలు ఎందుకు మునగాలన్నది వాళ్ల ప్రశ్న. పొగ రాదు గనుక పచ్చటి కరెంటు అనేసి ఆ ప్రశ్నను దాటేయలేం.

ఏ గాదే అక్కర్లేని ఉపాయం ఇంకొకటుంది. పనినే పగటికి జరుపుకోవడం. పొలం మోటారు మధ్యాహ్నం ఆడితే ఎండ నేరుగా మడిలో నీళ్లవుతుంది. రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని, పాములు తిరిగే గట్ల మీద స్టార్టరు దాకా వెళ్లే అవసరం పోతుంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకూ అంతే. సాయంత్రం ఆరింటికి నింపే ట్యాంకును మధ్యాహ్నం ఒంటిగంటకు నింపితే అదీ ఓ చిన్న సాగరే! దీన్ని ప్రోత్సహించడానికే కేంద్రం 2023లో నిబంధనలు మార్చింది. ఎండ ఉన్న గంటల్లో కరెంటు ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తగ్గాలి, రద్దీ గంటల్లో పెరగాలి. వ్యవసాయం మినహా మిగతా వినియోగదారులకు 2025 ఏప్రిల్ నుంచి ఇది వర్తించాలన్నారు. కానీ ఏ గంటలో ఎంత వాడామో లెక్క చెప్పే స్మార్ట్ మీటరు ఉండాలి. అది లేని ఇంట్లో మోటారు మధ్యాహ్నం వేసినా, రాత్రి వేసినా బిల్లు ఒకటే.