వీసా వరుసలోనూ వివక్షేనా?

"ఉద్యమంల తిరిగితే కేసులైతయి. కేసైతే పాస్‌పోర్టు రాదు. పాస్‌పోర్టు లేకుంటే వీసా రాదు. ఇగ అమెరికా సంగతి మర్చిపోండ్రి!"

2009 డిసెంబర్‌లో, 2011 సకల జనుల సమ్మె రోజుల్లో ఈ మాట మనం ఎన్ని నోళ్ల విన్నాం! ఠాణాలో లాఠీ పట్టుకున్న సారు చెప్పిండు. ఊరి నుంచి హాస్టల్‌కు ఉరికొచ్చిన నాయన కన్నీళ్లతో చెప్పిండు. అది ఉత్త బెదిరింపు కాదు. 1967 పాస్‌పోర్టు చట్టంలోని 6(2)(ఎఫ్) సెక్షన్ ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇవ్వొచ్చని 1993లో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చింది. కానీ లాఠీ పట్టినోళ్లు మొదటి మాటే చెప్పారు, రెండోది దాచిపెట్టారు.

అయినా మనం వెనక్కు పోలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్నాం. టియర్ గ్యాస్ పొగలో కండ్లు తుడుచుకుంటూ జై తెలంగాణ అన్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఉద్యమ కేసులు చాలా వరకు ఎత్తేశారు. ఇక మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అడ్డేముంటది అనుకున్నాం.

అడ్డం తొలగలేదు మిత్రులారా, రూపం మార్చుకున్నది. అప్పుడు ఎఫ్‌ఐఆర్ చూపి ఆపుతామన్నారు. ఇప్పుడు మన బిడ్డల ఇంటి కాగితాలే వాళ్లను ఆపుతున్నయి.

పైసలున్నోనిదే వరుస

అమెరికా చదువుకు వీసా అంటే ఏమిటో చూద్దాం. యూనివర్సిటీ సీటిస్తే సరిపోదు. మొదటి ఏడాది ఫీజు, తిండి, కిరాయి అన్నిటికీ సరిపడా సొమ్మున్నదని రుజువు చూపితేనే ఐ-20 అనే కాగితం చేతికొస్తది. ఆపైన సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. రెండూ కలిపితే మన రూపాయల్లో 45 వేలు దాటుతది. ఇంటర్వ్యూలో కాదంటే వీసా ఫీజు తిరిగి రాదు.

ఆ ఇంటర్వ్యూ ఎంతసేపు? రెండు, మూడు నిమిషాలు. 1952 నాటి వాళ్ల వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉన్నది. విద్యార్థి వీసా అడిగేవాడు అక్కడే స్థిరపడటానికి వస్తున్నాడని ముందే అనుకోవాలట. కాదని నిరూపించే భారం పిల్లవానిదే. నిరూపించలేకపోతే ఒక కాగితం చేతిలో పెట్టి పంపుతారు. దాని మీద అప్పీలు లేదు. మళ్లీ ఫీజు కట్టు, మళ్లీ వరుసలో నిలబడు!

ఒకప్పుడు ఈ వరుస కోసం మనవాళ్లు మద్రాసు రైలెక్కేవారు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. 2023లో అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి మారింది. కిటికీ దగ్గరికొచ్చింది. దాని ముందు నిలబడే అర్హత మాత్రం మన పల్లెలకు దగ్గరికి రాలేదు.

పొలమున్నా లోను లేదు

మాతోపాటు లాఠీదెబ్బలు తిన్న ఒక మిత్రుని తమ్మునికి నిరుడు అమెరికాలో సీటొచ్చింది. ఇంట్లో మూడెకరాల పొలం, పట్టాదారు పాసుపుస్తకం, ఊర్లో సొంతిల్లు ఉన్నయి. లోనుకు బ్యాంకుకు పోతే మేనేజర్ మూడు ముక్కల్లో తేల్చిండు: "వ్యవసాయ భూమి తీసుకోం. గ్రామకంఠం ఇల్లు తీసుకోం. పట్నంల ప్లాటో ఫ్లాటో ఉంటే పట్టుకరాండ్రి."

మేనేజర్ తప్పేం లేదు. 2002 సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని జప్తు చేసుకునే వీలు బ్యాంకులకు లేదు. రైతు భూమి పోకుండా పెట్టిన రక్షణ అది, ఉండాల్సిందే. కానీ దాని ఫలితమేమైంది? చదువు లోను దగ్గర మూడెకరాల రైతు నిరుపేద కింద లెక్క. హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాటున్నవాడు ఆస్తిపరుడు. ఏడున్నర లక్షలు దాటిన లోనుకు ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి జమానతు అడుగుతయి. ఏడున్నర లక్షలతో అమెరికాలో ఒక సెమిస్టర్ కూడా కష్టమే. అసైన్డ్ భూమి ఉన్న దళిత కుటుంబం గోస ఇంకా ఘోరం. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్ముకోవడానికీ లేదు.

మరి దారేది? మిత్తికి తేవాలె. లేదంటే కన్సల్టెన్సీ గడప తొక్కాలె. "ఖాతాల పైసలు మేం చూపిస్తం, కమీషన్ ఇయ్యండ్రి" అని పిలిచే దుకాణాలకు పట్నంలో కొదవ లేదు. ఆ దొంగ కాగితం దొరికితే ఏమైతదో వాడు చెప్పడు. మోసపు పత్రాలతో వీసా అడిగినట్టు తేలితే అమెరికా గడప జీవితాంతం మూసుకపోవచ్చు. 2011లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ బోగస్ అని తేలినప్పుడు తెలుగు పిల్లల కాళ్లకు రేడియో కడియాలు వేశారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అక్కడి ప్రభుత్వమే వల పన్నితే వందమందికి పైగా మన దేశపు పిల్లలు అరెస్టయ్యారు. ఆశ చూపి పంపిన దళారుల్లోనూ మన భాషవాళ్లున్నారు. ఈ సంగతి కప్పిపుచ్చుకోవద్దు.

చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తున్న పిల్లలను చూసి కొందరు నవ్వుతారు. మనకైతే నవ్వు రాదు. సర్కారు తలుపు మూసుకుంటే జనం గుడి తలుపే తడతారు.

సర్కారు సాయం దిగినంక!

"ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది గదా" అంటారు పెద్దమనుషులు. ఉన్నది. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి, బీసీలకు ఫూలే పేరిట విద్యా నిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి స్కాలర్‌షిప్. మొత్తం 20 లక్షల దాకా. మంచి పథకం. దాన్ని తెచ్చుకున్నది మన పోరాటమే, ఎవరి దయా కాదు.

కానీ నిబంధన చదవండి. పథకానికి దరఖాస్తులో వీసా చూపాలె. మొదటి విడత డబ్బు ఎప్పుడొస్తది? పిల్లవాడు విమానం దిగి, ఆ దేశంలో అడుగుపెట్టినట్టు ఇమిగ్రేషన్ కాగితం పంపినంక! రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపినంక! వీసా రావాలంటే ముందు డబ్బు చూపాలె. డబ్బు రావాలంటే ముందు వీసా చూపాలె. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టున్నది. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం కోసం పెట్టిన పథకమే, ముందు పాతిక లక్షలు పుట్టించుకొని రమ్మంటున్నది. ఇదెక్కడి న్యాయం?

2014 నుంచి ఒక పార్టీ ఏలింది. 2023 డిసెంబర్ నుంచి ఇంకొక పార్టీ ఏలుతున్నది. జెండాలు మారినయి, ఫైలు మారలేదు. తమ పిల్లలను ఏ లోనూ లేకుండా పంపగలిగినోళ్లకు ఈ ముడి కనిపిస్తదా?

"సర్కారు సొమ్ముతో అమెరికాకు పంపుడెందుకు, ఇక్కడే కొలువులియ్యాలె" అని మనలోనే కొందరు అడుగుతున్నారు. కొలువులియ్యాలె, నిజమే. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకున్నది మనమే. ఆ లెక్క అడుగుతూనే ఉంటాం. కానీ పెద్ద చదువు ఉన్నోని బిడ్డకు హక్కు, లేనోని బిడ్డకు దుబారా ఎట్లయితది?

మన డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. ఒకటి, యూనివర్సిటీ సీటు రాగానే స్కాలర్‌షిప్ మంజూరు పత్రం చేతికియ్యాలె. వీసా అధికారికి అదే చూపుకుంటాం. డబ్బు నేరుగా యూనివర్సిటీకి కట్టండి, వీసా రాకుంటే పత్రం రద్దు చేయండి. రెండు, ఏడున్నర లక్షలు దాటిన లోనుకు పేద, రైతు కుటుంబాల తరఫున సర్కారే జమానతు ఉండాలె. మూడు, ఉద్యమ కేసులు ఎత్తేసిన ప్రతి ఒక్కరికీ ఆ ఉత్తర్వు, కోర్టు కాగితం నకలు ఉచితంగా ఇయ్యాలె. ఎందుకంటే డీఎస్-160 వీసా ఫారం "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని అడుగుతది. క్షమాభిక్ష దొరికినా చెప్పాలంటది. కేసు పోయినా ప్రశ్న పోలేదు. 2025 జూన్ నుంచి విద్యార్థుల సోషల్ మీడియా ఖాతాలు కూడా తెరిచి చూస్తున్నారు. న్యాయం కోసం నినదించిన పిల్లవాడు ఆ కిటికీ ముందు దొంగలెక్క తల దించుకోవద్దు. సాక్ష్యం చేతిలో పెట్టుకొని నిలబడాలె.

విద్యార్థి సంఘాలారా, ఉద్యోగ మిత్రులారా! ఫాల్ సెమిస్టర్ సీట్ల కాలానికి ముందే జిల్లా సంక్షేమ అధికారుల ముందు ఈ మూడు డిమాండ్లు పెడదాం. మన మండలంలో ఎవరి సీటు పైసల్లేక పోయిందో పేరుపేరునా రాసి ఇద్దాం. వీసా ఇచ్చేది వాషింగ్టన్ కావొచ్చు. మంజూరు పత్రం ఇయ్యాల్సింది మాత్రం మన సచివాలయమే. దాన్ని అడిగే హక్కు మనం కొట్లాడి తెచ్చుకున్నదే.

జై తెలంగాణ!