ఓడించడం వేరు, ఏడిపించడం వేరు

పోయిన సెలవుల్లో సెలెస్ట్ అనే గేమ్ పూర్తి చేశాను. అందులో సేవ్ ఫైల్ మీద మనం మొత్తం ఎన్నిసార్లు చచ్చామో లెక్క ఉంటుంది. నా లెక్క 2,846. హాస్టల్‌కి తిరిగొచ్చాక మా రూమ్మేట్ ఆ నంబర్ చూసి, "ఇన్నిసార్లు చచ్చి నువ్వు సాధించిందేంటి మావా?" అన్నాడు. అప్పుడు సమాధానం తోచక "నీకు అర్థం కాదులేరా" అని తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్తున్నా.

ముందే ఒక మాట. నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఒత్తులు ఎక్కడైనా జారితే క్లబ్ సీనియర్లు దిద్దుతారని ధైర్యం.

గేమ్ అంటే టైంపాస్ అనీ, చిరాకు తెప్పించే గేమ్ అయితే చెత్త గేమ్ అనీ చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. నాకు బాగా నచ్చిన గేమ్స్ అన్నీ నన్ను బాగా చిరాకు పెట్టినవే. కానీ చిరాకుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి మనల్ని ఓడిస్తుంది. రెండోది ఏడిపిస్తుంది. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు 816 రూపాయలు ఖర్చయ్యాయి. ఆ కథ తర్వాత.

ముందు సెలెస్ట్ సంగతి. 2018లో వచ్చింది. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ అనే ఇద్దరు నాలుగు రోజుల్లో చేసిన ఒక బుల్లి గేమ్ దీనికి మొదలు. మ్యాడలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కాలి. జంప్, గాల్లో ఒక దూకుడు, గోడ పట్టుకోవడం, అంతే. నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ మూడో చాప్టర్‌కి వచ్చేసరికి ఒక్కో స్క్రీన్ మీద నలభై, యాభైసార్లు చస్తాం.

అయినా కోపం ఎందుకు రాదంటే, చచ్చిన మరుక్షణం అదే స్క్రీన్ మొదట్లో మళ్లీ నిలబడతాం. లోడింగ్ లేదు, "గేమ్ ఓవర్" అని వెక్కిరింపు లేదు. నీ చావుల లెక్క చూసి సిగ్గుపడకు, అదంతా నేర్చుకున్నట్టే లెక్క అని గేమే మధ్యలో ధైర్యం చెప్తుంది.

నాకు ఇంకా నచ్చింది లోపలి కోడ్. ఇందులో ఆటగాడి కదలికల కోడ్‌ని వాళ్లు గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టారు. ఒకే ఫైల్, ఐదు వేల పైచిలుకు లైన్లు. మన ల్యాబ్‌లో అలా రాస్తే రికార్డ్ మీద సంతకం పడదు. అందులో జంప్ గ్రేస్ టైమ్ అని ఒకటుంది. విలువ 0.1. అంటే మ్యాడలిన్ అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయాక కూడా సెకనులో పదో వంతు సేపు జంప్ బటన్ పనిచేస్తుంది. రోడ్ రన్నర్ కార్టూన్‌లో కొండ అంచు దాటినా కిందకి చూసేదాకా పడని జంతువు ఉంటుంది కదా, దాని పేరు మీద గేమ్స్ చేసేవాళ్లు దీన్ని కయోటీ టైమ్ అంటారు. నేను మాత్రం గ్రేస్ మార్కులు అంటాను. ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయినవాడికి ఒక మార్కు కలిపి, ఆ విషయం వాడికి చెప్పని మంచి లెక్చరర్ లాంటిది ఆ గేమ్. పైకి స్ట్రిక్టు, లోపల మన పక్షం.

నచ్చిన గేమ్ కదా అని అన్నీ మెచ్చుకోను. హాలో నైట్ 2017లో వచ్చింది, ఆస్ట్రేలియాలో ఒక చిన్న బృందం చేసింది. నేల కింద పాడుబడ్డ పురుగుల రాజ్యం, చేత్తో గీసిన బొమ్మలు, వాన ఆగని ఒక నగరం. అందంలో నాకు దాన్ని మించిన గేమ్ లేదు. అందులో చస్తే మన దగ్గరున్న డబ్బంతా చచ్చిన చోటే మన నీడ దగ్గర ఉండిపోతుంది. వెళ్లి ఆ నీడని కొడితే తిరిగొస్తుంది, ఈలోపు మళ్లీ చస్తే పోయినట్టే. ఇది కూడా నాకు ఓకే. పణం ఉంటేనే భయం, భయం ఉంటేనే జాగ్రత్త. ఓకే కానిది నడక. సోల్ మాస్టర్ చేతిలో ఓడిన ప్రతిసారీ బెంచి దగ్గర లేచి, అవే గదులు, అవే శత్రువులు దాటుకుంటూ మళ్లీ వెళ్లాలి. ఆ నడకలో నేను కొత్తగా నేర్చుకున్నది సున్నా. తప్పు చేస్తే ఆ తప్పే మళ్లీ దిద్దించాలి కానీ, బడి చుట్టూ పది రౌండ్లు పరిగెత్తమంటే ఎలా?

ఇంకోటి గెటింగ్ ఓవర్ ఇట్. 2017దే. పెద్ద కాగులో కూర్చున్న మనిషి, చేతిలో సుత్తి, ఎదురుగా కొండ. సేవ్ పాయింట్లు లేవు. ఒక్కసారి చెయ్యి జారితే గంట కష్టం పోయి మొదటికి. పైగా గేమ్ చేసిన బెనెట్ ఫాడీ గొంతు వెనక నుంచి వేదాంతం చెప్తూ ఉంటుంది. మా అమ్మమ్మ వాళ్లింట్లో వైకుంఠపాళి ఆడేవాళ్లం. పైదాకా వెళ్లాక పెద్దపాము మింగితే అడుక్కి వచ్చేవాళ్లం. అదే ఇది. కాకపోతే వైకుంఠపాళిలో తప్పు పాచికలది, ఇక్కడ మన చేతిది. నేను ఇప్పటికీ పూర్తి చెయ్యలేదు, చేస్తానన్న నమ్మకం కూడా లేదు. అయినా ఆ గేమ్‌ని తిట్టను. అది నిన్ను బాధపెడతానని ముందే చెప్పి బాధపెడుతుంది. దాచిందేమీ లేదు.

ఇక ఏడిపించే గేమ్.

పేరు చెప్పను. ఫోన్‌లో కార్ల రేసింగ్, ఫ్రీ. మొదటి ముప్పై రేసులు వెన్నలా సాగిపోతాయి. ఆ తర్వాత ఎంత బాగా నడిపినా రెండో స్థానమే. సరిగ్గా అప్పుడే ఒక బంగారు పెట్టె మెరుస్తూ వస్తుంది: 49 రూపాయలు, ఈ ఆఫర్ ఇంకో పది నిమిషాలే. పెట్టెలో ఏముందో తెరిచాకే తెలుస్తుంది.

అప్పుడు నాకు డేటా స్ట్రక్చర్స్ బ్యాక్‌లాగ్. సప్లీ ఫీజుకి నాన్న వెయ్యి రూపాయలు పంపి, "కట్టాక మెసేజ్ పెట్టు" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి చదవడానికి కూర్చుని, పది నిమిషాలు ఆడి మొదలుపెడదామని ఫోన్ తీశాను. మొదటి పెట్టె 49. అందులో ఏమీ రాలేదు. రెండోది 159. నా దగ్గర ముందే ఉన్న ఇంజిన్ వచ్చింది. ఈసారి గ్యారంటీగా వస్తుందనిపించి ఇంకో 159. ఆ తర్వాత 449. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. మిగిలింది 184 రూపాయలు, రెండో స్థానం.

సెలెస్ట్‌లో 2,846 సార్లు చచ్చినా రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. స్కిన్నర్ అనే సైకాలజిస్ట్ పావురాల మీద ప్రయోగాలు చేశాడు. పొడిచిన ప్రతిసారీ గింజ వచ్చేచోట గింజలు ఆపేస్తే పావురం కాసేపటికి మానేస్తుంది. ఎన్నో పోటుకి వస్తుందో తెలియని చోట మాత్రం చాలాసేపు ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. ఆ రాత్రి నేను ఆ పావురాన్ని. బెల్జియం 2018లోనే కొన్ని గేమ్స్‌లోని ఇలాంటి పెట్టెలు జూదం కిందకే వస్తాయని తేల్చింది. మన దగ్గర డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. రమ్మీ ఆడితే ఇంట్లో పేకాట అంటారు, పరువు పోయిందంటారు. పెట్టెలు తెరుస్తుంటే మాత్రం "పిల్లాడు గేమ్ ఆడుకుంటున్నాడు" అంటారు. పేకాటలో కనీసం ఎప్పుడో ఒకసారి డబ్బు వెనక్కి వస్తుంది!

"ఫ్రీగా ఇచ్చినవాడు ఎలా బతకాలి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. డ్రెస్సులు అమ్ముకోనీ, రంగులు అమ్ముకోనీ, నాకు అభ్యంతరం లేదు. కొనకపోయినా నా గెలుపోటములు మారవు. నా గొడవంతా ముందు చిరాకు పుట్టించి, ఆ చిరాకుకి మందు అమ్మేవాళ్లతోనే. పైగా ఇందులో ఒక అన్యాయం ఉంది. సెలెస్ట్, హాలో నైట్ ఆడాలంటే ల్యాప్‌టాప్ కావాలి, కొనాలి. మా ఊళ్లో నాతో చదివినవాళ్లలో చాలామందికి ఉన్నది ఒక మామూలు ఫోనే. వాళ్లకి దొరికే గేమ్స్‌లో ఎక్కువ ఈ పెట్టెల రకమే. డబ్బు తక్కువ ఉన్నవాడి దగ్గరికే డబ్బు గుంజే గేమ్ ముందుగా వెళ్తోంది. ఫ్రీ అంటే ఇలాగే ఉండాలని రూలేమీ లేదు. లిచెస్ చూడండి. చెస్ సైట్, పూర్తిగా ఉచితం, యాడ్స్ లేవు, కోడ్ కూడా అందరిదీ. అక్కడ కూడా రోజూ ఓడిపోతున్నాను, అది వేరే విషయం.

అందుకే ఇప్పుడు కొత్త గేమ్ ఏదైనా ఒకటే చూస్తాను. ఓడిపోయిన వెంటనే అది నన్ను ఏం అడుగుతోంది? ఇంకోసారి ఆడమంటోందా, ఇంకోసారి కట్టమంటోందా? రెండోదైతే అన్‌ఇన్‌స్టాల్.

మా రూమ్మేట్‌తో ఇంకో గొడవ కూడా ఉంది. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ ఉంటుంది. గేమ్ వేగం సగానికి తగ్గించుకోవచ్చు, కావాలంటే అసలు చావే లేకుండా పెట్టుకోవచ్చు. పైసా అడగరు. "అలా ఆడితే ఆడినట్టా? సెకిరోలో ఈజీ మోడ్ ఉందా?" అంటాడు వాడు. లేదు, నిజమే. సెకిరోలో గెనిచిరోని ఓడించిన రాత్రి నేను కారిడార్‌లో అరిస్తే వార్డెన్ వచ్చాడు. ఈజీ మోడ్ ఉండి ఉంటే ఆ అరుపు ఉండేది కాదేమో, ఒప్పుకుంటాను. కానీ పక్కవాడు తేలిగ్గా ఎక్కితే నేను ఎక్కిన కొండ ఎత్తు తగ్గదు కదా. వేళ్లు అంత చురుగ్గా కదలనివాళ్లు ఉంటారు, రోజుకి అరగంటే టైం ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకి కూడా ఆ కొండపై నుంచి చూసే హక్కుంది.

ఇంతకీ సప్లీ ఏమైందంటారా? మర్నాడు పొద్దున నాన్నకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "లాస్ట్ డేట్ ఎప్పుడు?" అన్నారు. ఫీజు నా రూమ్మేటే సర్దాడు, రెండు నెలల్లో తీర్చాను. పరీక్ష పాసయ్యాను, మార్కులు మాత్రం అడగకండి. గేమ్ ఆడటం వల్ల పాసయ్యానని చెప్తే అబద్ధం. కాకపోతే లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్ పదకొండోసారి క్రాష్ అయినప్పుడు ల్యాప్‌టాప్ మూసెయ్యలేదు. ఏ లైన్ దగ్గర చచ్చానో చూసి, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాను. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు.

నువ్వు సాధించిందేంటి మావా అంటే, అదే రా.

ఇది రాస్తుండగా వాడు నా ల్యాప్‌టాప్‌లో సెలెస్ట్ మొదలుపెట్టాడు. రెండో చాప్టర్‌లో ఉన్నాడు, 212 సార్లు చచ్చాడు. నిన్న రాత్రి నేను పడుకున్నాననుకుని మెల్లగా అసిస్ట్ మోడ్ ఆన్ చేశాడు. చూశాను. ఏమీ అనలేదు.